బాక్టీరియా లేని నీళ్ళు

క్లోరిన్ కలిపిన నీళ్ళలో ఏ క్రిమీ బతకదని తార్నాకలో చదువుకున్నవాళ్ళ నమ్మకం. సూక్ష్మజీవశాస్త్రంలో ఆచార్యుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన నరహరి కూడా ఆ మాటే అనేవాడు. కాకపోతే ఆయన దాన్ని నమ్మకం అనుకోలేదు. నమ్మకాలు ఇతరులకుండేవి. తనకుండేవి నిర్ధారణలు.

ఆ వేసవిలో తార్నాక కూడలి నుంచి విశ్వవిద్యాలయం గేటు వైపు వెళ్ళే దారిలో రెండు చలివేంద్రాలు ఎదురెదురుగా వెలిశాయి. ఒకటి పోచమ్మ గుడి కమిటీది. తాటాకు పందిరి కింద ఇసుక పోసి, దాని మీద మూడు పెద్ద మట్టి రంజన్లు నిలిపి, వాటికి తడిపిన ఎర్రగుడ్డ చుట్టి, లోపల వట్టివేళ్ళ మూట వేశారు. వచ్చినవాళ్ళకు లోటాతో ముంచి పోసేది భాగ్య. పొద్దున సీతాఫల్‌మండిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో రొట్టెలు చేసి, ఎండ ముదిరే వేళకు ఇక్కడికి వచ్చి కూర్చునేది. రెండోది నరహరి అధ్యక్షుడిగా ఉన్న విజ్ఞాన వేదికది. వేదిక అద్దెకున్న మేడ ముందు నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి నల్లా, నల్లాకు గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు, పైన ఒక బోర్డు: ‘పరీక్షించిన నీరు. బాక్టీరియా: సున్నా.’ ఆ సున్నాను నరహరి దగ్గర నిలబడి ఎర్రరంగుతో రాయించాడు.

సున్నా అబద్ధమేమీ కాదు. మేడ కింది సంపు నుంచి డ్రమ్ములోకి నీళ్ళు తోడించడం, కొలిచి క్లోరిన్ కలపడం ఆయనే స్వయంగా చూసుకునేవాడు. తరచుగా ఒక సీసా నిండా ఆ నీళ్ళు పట్టుకుని క్యాంపస్‌లోని తన పాత విభాగానికి వెళ్ళేవాడు. అక్కడి కుర్రవాళ్ళు గౌరవం కొద్దీ ఆయనకొక బల్ల వదిలిపెట్టారు. ఆ బల్ల మీద ఆయన ఆ నీళ్ళు వేసి ఉంచిన గాజు పళ్ళేలలో ఒక్క చుక్కంత బాక్టీరియా కూడా ఎన్నడూ మొలవలేదు.

అయినా జనం రంజన్ల దగ్గరే ఆగేవారు. ఆటోవాళ్ళు, పరీక్షలకు చదువుకునే విద్యార్థులు, మెట్రో దిగి ఎండలో నడిచి వచ్చేవాళ్ళు డ్రమ్మును చూసి, బోర్డు చదివి, రోడ్డు దాటి మరీ భాగ్య ముందు దోసిలి పట్టేవారు. ఒకసారి నరహరి ఉండబట్టలేక ఒక ఆటో డ్రైవరును కారణమడిగాడు. అతను మూతి తుడుచుకుంటూ, “గా నీళ్ళు సల్లగుంటయి సార్. మీయి దవాఖాన వాసనొస్తయి,” అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. భాగ్య కూడా నవ్వింది. నరహరికి మిగిలినవాళ్ళ నవ్వు గుర్తులేదు. ఆమె నవ్వు మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది.

ఎండలు ముదిరేసరికి ఆ వీధిలో కడుపు జబ్బు మొదలైంది. హాస్టళ్ళలో, ఆటో అడ్డాలో, మెస్సుల్లో ఒకటే మాట: కడుపు ఉబ్బరం, నీళ్ళ విరేచనాలు, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే తేనుపులు. జ్వరం మాత్రం ఎవరికీ లేదు. ఒకసారి పట్టుకుంటే వారాల తరబడి వదలదు. మందుల దుకాణాల్లో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ బిళ్ళలు పనిచేయలేదు. నరహరికీ ఆ రోజుల్లోనే కడుపు బాగుండటం లేదు. ఆయన దాన్ని వయసు కింద, ఉలవచారు కింద జమకట్టి, ఏలక్కాయలు నమలడం అలవాటు చేసుకున్నాడు.

కాలనీవాళ్ళు ఆయన్ను కారణం కనుక్కోమన్నారు. అడగకపోయినా ఆయన కనుక్కునేవాడే. రెండు చలివేంద్రాల నీళ్ళూ పట్టి తెచ్చాడు. మలం నుంచి వచ్చే బాక్టీరియా ఉంటే తెల్లారేసరికి నల్లబడే పరీక్ష సీసాల్లో పోసి ఉంచాడు. తన డ్రమ్ము నీళ్ళ సీసా స్వచ్ఛంగా అలాగే ఉంది. రంజను నీళ్ళ సీసా సిరాలా నల్లబడింది. ఆ నల్లని సీసాను వెలుతురుకెత్తి చూసినప్పుడు ఆయనకు కలిగింది ఆందోళన కాదు, సంతోషం. ఆ సంగతి అప్పుడే ఆయనకు తెలుసు. తెలిసీ దాన్ని పక్కకు నెట్టాడు.

విజ్ఞాన వేదిక ప్రతి ఆదివారం సాయంత్రం కూడలి దగ్గర మైకు పెట్టి సభ జరుపుతుంది. నాలుక మీద కర్పూరం వెలిగించడం, గాలిలోంచి విభూతి తీయడం వంటివి చేసి చూపి, వాటి వెనక ఉన్న కిటుకు విప్పి చెబుతుంది. ఆ ఆదివారం నరహరి నల్లని సీసాను, స్వచ్ఛమైన సీసాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. ఈ రెండింటికీ తేడా భక్తికీ విజ్ఞానానికీ ఉన్న తేడాయే అన్నాడు. ఆపైన, అనవలసిన అవసరం లేని మాట ఒకటి అన్నాడు. రంజనులో లోటాతో పాటు మునిగే చేతిని చూడమన్నాడు. వీధిలో జబ్బు ఆ చేతి నుంచే వస్తోందన్నాడు. మైకు మంచిది. గుడి పందిరి దాకా వినబడింది. భాగ్య అప్పుడు ఒక ముసలాయన దోసిట్లో నీళ్ళు పోస్తోంది. ముసలాయన దోసిలి విడదీశాడు. నీళ్ళు కిందికి కారిపోయాయి.

గుడి కమిటీ పెద్ద వెంకటేశం వ్యవహారం తెలిసినవాడు. మర్నాడు పొద్దునే పందిరి విప్పించి, తప్పు గుడిది కాదు, చేతి శుభ్రం లేని మనిషిదని వీధంతా చెప్పాడు. ఆ విధంగా భక్తీ విజ్ఞానమూ ఒక విషయంలో ఏకీభవించాయి.

కొద్దిరోజుల తర్వాత భాగ్య క్యాంపస్‌కు వచ్చింది. వాచ్‌మన్‌ను అడిగి, మెట్లెక్కి, నరహరి పనిచేసే గది గుమ్మంలో నిలబడింది. చేతిలో బట్టల దుకాణం కవరు, అందులో కాగితం చుట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఏముందో గదిలో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. పరిశోధక విద్యార్థిని ఒకతె చున్నీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

హాస్టల్ వార్డెన్ తనను పనిలోకి రావద్దన్నదని, ప్రొఫెసర్ సారు పరీక్ష చేసి బాగున్నదని చెబితే రానిస్తానన్నదని భాగ్య చెప్పింది. బస్తీలో పెళ్ళి జరుగుతుంటే బియ్యం కడగడానికి అందరితో పాటు కూర్చున్నదట. బియ్యం ముట్టవద్దని లేపారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నరహరి ముఖం వైపు చూడలేదు, చేతిలోని కవరు వైపు చూసింది.

“నా కడుపుల పురుగున్నదో లేదో మీరే సూడుండ్రి సార్. అందుకే తెచ్చిన.”

“ఇక్కడ నీళ్ళను పరీక్షిస్తామమ్మా, మనుషుల్ని కాదు,” అన్నాడు నరహరి. “నీళ్ళ సంగతి తేలిపోయింది గదా.”

“మరి నన్ను సూడకుండనే నా చెయ్యని ఎట్ల చెప్పిండ్రు?”

ఆమె గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. ముప్పై ఏళ్ళ పాటు విద్యార్థులను అదే ప్రశ్న అడిగినవాడు నరహరి. ఏ ఆధారంతో అన్నావు, ఎక్కడ చూశావు అని. ఇప్పుడాయన గడియారం వైపు చూసి, సర్కారు దవాఖానకు వెళ్ళమని, అక్కడ ఇలాంటివి చూస్తారని చెప్పాడు. ఆమె కవరును కొంగు చాటుకు తీసుకుని మెట్లు దిగింది. ఆమె వెళ్ళాక నరహరి వరండాలోకి వచ్చాడు. కడుపులోంచి కుళ్ళిన గుడ్డు కంపుతో ఒక తేనుపు వచ్చింది. ఆయన చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, జేబులోంచి ఏలక్కాయ తీసి నోట్లో వేసుకున్నాడు.

పందిరి పోయింది గాని జబ్బు పోలేదు. పైగా పెరిగింది. దాహానికి ఇప్పుడందరూ డ్రమ్ము దగ్గరే ఆగుతున్నారు. నరహరి మాత్రం పాత కాలుష్యం తాలూకు ప్రభావం ఇంకా తగ్గలేదనీ, కొత్త కేసులు అనేవి నిజానికి పాతవేననీ చెబుతూ వచ్చాడు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాడు ఒకడే ఉన్నాడు. పేరు రంగనాథ్. అనంతపురం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ జంతుశాస్త్రం ఆచార్యుడు, ఆయనా విరమణ పొందినవాడే. జీవితమంతా పరాన్నజీవులను పరిశోధించాడు. గుడికి వెళ్తాడు, తీర్థం పుచ్చుకుంటాడు, ఆ తర్వాత నరహరితో కలిసి ఆర్ట్స్ కాలేజీ ముందు దారిలో నడుస్తాడు. నరహరి ఆయన్ను పురుగుల పంతులు అంటాడు. రంగనాథ్ నరహరిని నాస్తిక స్వామీజీ అంటాడు. పాతికేళ్ళుగా ఇద్దరికీ పొద్దు గడిచేది ఈ ఎత్తిపొడుపులతోనే.

ఒక పొద్దున నడకలో రంగనాథ్ జబ్బు లక్షణాలన్నీ ఒకటొకటిగా అడిగి తెలుసుకున్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

“ఇది నీ శాఖ కాదప్పా నరహరీ. నా శాఖ. బాక్టీరియా అయితే జ్వరం తెస్తాది, నాలుగు రోజులు రచ్చ చేసి పోతాది. ఇట్లా జ్వరం లేకుండా, చప్పుడు లేకుండా నెలలు కాపురం పెట్టేది నావాళ్ళు.”

నరహరి సవరించాడు. నెలల తరబడి ఉండే బాక్టీరియా కూడా ఉన్నాయనీ, ఇతరుల మీద పడి బతకడమే లక్షణమైతే చాలా బాక్టీరియాను పరాన్నజీవులనే అనాలనీ చెప్పాడు.

“మాటల సంగతి పక్కన పెట్టు. నీ బాక్టీరియా ఒట్టి అమాయకులు. ఒంట్లో కేంద్రకం కూడా లేని పేదోళ్ళు. రెండు చుక్కల క్లోరిన్‌కే ప్రాణం ఇడుస్తాయి. మా పరాన్నజీవుల్లో జియార్డియా అని ఒకటుండాది, అది అట్లగాదు. కేంద్రకముండాది, తోకలుండాయి, కాలం బాగలేదంటే ఒంటి చుట్టూ గోడ కట్టుకుని లోపల పండుకుంటాది. నువ్వు డ్రమ్ములో వేసే క్లోరిన్ ఆ గోడ మీద వాన పడినట్టు పడతాది, అంతే. అది చావదు. నీ పళ్ళెంలో మొలకెత్తదు. నీ సీసాను నల్లగా చేయదు. నువ్వు సున్నా అని బోర్డు రాసుకుంటావు.”

“అది డ్రమ్ములో ఉందని నీకెలా తెలుసు?”

“నాకు తెలీదు. చూసినోళ్ళు ఎవరు?”

కాస్త దూరం నడిచారు. ఏదో గుర్తొచ్చినవాడిలా రంగనాథ్ ఆగాడు.

“నువ్వీ ఏలక్కాయలు ఎప్పట్నుంచి నములుతాండావు?”

నరహరి నోట్లోని ఏలక్కాయను బుగ్గలోకి నెట్టాడు.

“ఆ రంజను నీళ్ళు ఎప్పుడన్నా తాగినావా?”

తాగలేదు. ఆ పందిరి కిందికి ఆయన పరీక్షకు నీళ్ళు పట్టడానికి తప్ప పోలేదు. ఒక్క గుక్క కూడా గొంతులో పోసుకోలేదు. పోసుకోనని నలుగురిలో చెప్పుకునేవాడు కూడా. రంగనాథ్ బూటు తాడు ఊడకపోయినా వంగి, దాన్ని విప్పి మళ్ళీ కట్టుకోసాగాడు. కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నరహరి దారి పక్కన నిలబడి ఉన్నాడు.  

రుజువు తన కడుపులోనే ఉంది. కొన్ని వారాలుగా ఉంది. అది ఆయనకు కనబడక కాదు. కనబడింది, కంపు కొట్టింది, దాన్ని ఏలక్కాయతో కప్పిపెట్టాడు. తన నిర్ధారణకు నప్పని ఒక ఆధారాన్ని ఎవరైనా విద్యార్థి ఇలా దాచి ఉంటే, అతన్ని ఆయన ప్రయోగశాల గడప తొక్కనిచ్చేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా డ్రమ్ము అడుగు నుంచి నీళ్ళు పట్టి, క్యాంపస్‌కు తీసుకువెళ్ళి వడకట్టాడు. వడపోతలో మిగిలిన మడ్డిని గిర్రున తిప్పే యంత్రంలో అడుక్కు దిగేలా చేసి, ఒక చుక్క గాజుపలక మీద వేసి, అయోడిన్ కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఇలా చూడటం ఆయనకు అలవాటు లేని పని. బాక్టీరియాను వెతికేవాడు దాన్ని పెంచి చూస్తాడు. ఇక్కడ పెంచేదేమీ లేదు, ఓపికగా వెతకడమే. చాలాసేపు మట్టి రేణువులు, నాచు ముక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన మనసు తేలికపడటం మొదలైంది. సరిగ్గా అప్పుడే కోడిగుడ్డు ఆకారంలో, నున్నని గోడతో, లేత పసుపు రంగు తిరిగిన కోశం ఒకటి చూపు మధ్యలోకి వచ్చింది. లోపల కేంద్రకాలు. పలకను కాస్త జరిపితే మరొకటి. ఆ పక్కనే ఇంకొకటి.

ఫోను చేస్తే రంగనాథ్ వచ్చాడు. సూక్ష్మదర్శినిలో ఒకసారి చూసి, “జియార్డియా” అన్నాడు. ఆ మాటలో గెలుపు వినిపిస్తుందేమోనని నరహరి చెవి ఒగ్గాడు. వినిపించలేదు. అది ఇంకా కష్టమనిపించింది. మొదటి పరీక్షకు తెచ్చిన రంజను నీళ్ళు ఫ్రిజ్‌లో కొన్ని మిగిలి ఉంటే వాటినీ అదే పద్ధతిలో చూశారు. కోశాలు కనిపించలేదు. ఒక సీసాలో లేనంత మాత్రాన మూడు రంజన్లలోనూ లేవనడానికి వీల్లేదని నరహరే అన్నాడు. ఆ జాగ్రత్త మైకు ముందు ఎక్కడికి పోయిందని రంగనాథ్ అడగలేదు. సాయంత్రం మేడ యజమానిని పిలిపించి సంపు మూత తెరిపిస్తే, పక్కనున్న డ్రైనేజీ పైపు పగిలి, గోడ పగులు గుండా నీరు ఊరుతున్నట్టు తేలింది. నరహరి తన చేతులతోనే డ్రమ్ము బోర్లించాడు.

మర్నాడు పొద్దున ఆయన కూడా ఒక డబ్బా పట్టుకుని ఇంటి నుంచి బయలుదేరాడు. కాగితం చుట్టి, కవరులో పెట్టి, కవరును మరో కవరులో పెట్టాడు. దారిలో కలిసినవాళ్ళందరూ నమస్కారం పెట్టారు. ఒకాయన ఆపి, మూఢనమ్మకాల మీద కాలేజీ పిల్లలకు ఉపన్యాసం ఇవ్వాలని కోరాడు. ఆయన మాట్లాడినంతసేపూ నరహరి కవరును వీపు వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఇదే దారిలో, బౌద్ధనగర్ నుంచి ఇంకా ఎక్కువ దూరం, ఎవరూ నమస్కారం పెట్టని భాగ్య ఇలాగే కవరు పట్టుకుని నడిచి వచ్చింది. పైమెట్టు దాకా వచ్చిన ఆమెను ఆయన వెనక్కి పంపాడు.

జంతుశాస్త్ర విభాగంలో రంగనాథ్ శిష్యురాలు శిరీష నమూనా అందుకుని, డబ్బా మీద అంటించే చీటీ తీసి, పేషెంట్ పేరేమిటని మామూలుగా అడిగింది. నరహరి తన పేరు చెప్పాడు. ఆమె రాసుకుంది.

అక్కడి నుంచి ఆయన బౌద్ధనగర్ వెళ్ళాడు. భాగ్య ఇల్లు వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. ఎవరిని అడిగినా చూపించారు; చూపించి, ఎందుకో తెలిసినట్టు ముఖం పెట్టారు. భాగ్య గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఆయన్ను చూసి లేచి, కుర్చీ తెచ్చి వేసింది. నీళ్ళిస్తానని అనలేదు. నరహరి కుర్చీలో కూర్చోకుండానే, ఉపన్యాసంలా మొదలుపెట్టి, మధ్యలో తడబడి, మళ్ళీ మొదటికొచ్చి, జరిగింది చెప్పాడు. జబ్బు తెచ్చింది బాక్టీరియా కాదని, పరాన్నజీవి అని, అది ఉన్నది డ్రమ్ములోనని చెప్పాడు. రంజను నీళ్ళలో ఉన్నది వేరే అని చెప్పాడు.

“రెండూ పురుగులే గద సార్,” అంది భాగ్య. “మీ నీళ్ళల్ల ఒకటి, నా నీళ్ళల్ల ఒకటి. నాకు తేడా ఏంది?”

ఆయన తేడా వివరించాడు. ఒకటి క్లోరిన్‌కు చస్తుంది, ఒకటి చావదు. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయదు. నీ నీళ్ళలో ఉన్నదానికి ఈ జబ్బు రాదు. ఆమె చింతపండు పక్కకు పెట్టి చివరిదాకా విన్నది.

“మరి నా చెయ్యి?”

పరీక్షించకుండా చెప్పలేనన్నాడు. అలా అన్నప్పుడు ఆయన తల వంచుకున్నాడు. ఒప్పుకుంటే ఈసారి తానే చూపిస్తానన్నాడు. తర్వాత, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇవాళే రాసి పెడతానన్నాడు.

“మీరు మైకుల అన్నరు సార్. ఫోన్ల రాస్తే దిగుతదా అది?”

“మైకులోనే చెప్తాను,” అన్నాడు నరహరి. “కాని నీ నీళ్ళు శుభ్రమని చెప్పలేనమ్మా. వాటిలో బాక్టీరియా ఉన్న మాట నిజం.”

“ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. నేనేమన్న అబద్ధం చెప్పుమంటున్ననా?”

రెండో డబ్బాను ఆమె స్వయంగా తీసుకెళ్ళి శిరీష చేతికే ఇచ్చింది. నరహరి చేతికి ఇవ్వలేదు.

ఆ ఆదివారం నరహరి సభ పెట్టలేదు. వాన వచ్చేలా ఉందని వేదిక సభ్యులకు కబురు చేశాడు. ఆకాశంలో మబ్బు లేదు. సభ్యులు కూడా ఆయన్ను నిలదీయలేదు. విషయం వాళ్ళకు అప్పటికే తెలిసింది. ఒకరిద్దరు ఇంటికి వచ్చి, డ్రమ్ము ఎలాగూ తీసేశాం కదా, ఇప్పుడు మనమే మైకెక్కి ఒప్పుకుంటే ఇన్నేళ్ళ పనీ నవ్వులపాలవుతుందని నచ్చజెప్పారు. వాళ్ళు వెళ్ళాక వెంకటేశం వచ్చాడు. ఎప్పుడూ ఆ గడప తొక్కనివాడు చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

“ప్రొఫెసర్ సాబ్, డ్రమ్మూ పోయింది, పందిరీ పోయింది. మళ్ల ఎందుకు లేపుడు? మీ ఇజ్జత్ మీకుంటది, మా ఇజ్జత్ మాకుంటది.”

“భాగ్య?”

“ఆమెకు ఇంకో కాడ ఏదన్న పని చూద్దాం తీయండ్రి. పనోళ్ళకు పని దొరకదా?”

నరహరికి అసహ్యం వేసింది. అయితే ఆ అసహ్యంలో సగం తనదేనని ఆయనకు తెలుసు, ఎందుకంటే వెంకటేశం పైకి అన్న మాటనే తాను వాన పేరుతో ఒక ఆదివారమంతా లోపల అనుకున్నాడు. ఏళ్ళ తరబడి ఎదురెదురు పక్షాల్లో నిలబడ్డ ఇద్దరు మనుషులు ఒక ఆడమనిషి పేరును మధ్యన పడేసి ఇంత సులువుగా రాజీ పడగలరని ఆయన ఊహించలేదు. చాయ్ తాగి వెళ్ళమన్నాడు. వచ్చే ఆదివారం సభ ఉంటుందని చెప్పాడు. వెంకటేశం చాయ్ తాగకుండానే లేచాడు.

సభ రోజు వానేమీ రాలేదు. కూడలి దగ్గర ఎప్పుడూ ఉండే జనం కంటే ఎక్కువమందే ఉన్నారు. గుడివాళ్ళు ముందే వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నవ్వడానికి సిద్ధంగా ఉన్న ముఖాలు. రంగనాథ్ వెనక వరసలో నిలబడ్డాడు. భాగ్య పందిరి ఉండిన చోట, ఇసుక ఇంకా మిగిలి ఉన్న చోట, ఎవరి పక్కనా కాకుండా నిలబడింది. నరహరి ఈసారి సీసాలేవీ తేలేదు. చేతిలో శిరీష ఇచ్చిన కాగితం ఉంది. మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకుంటే కడుపులోంచి తేనుపు వచ్చింది. మైకు మంచిది. అందరికీ వినబడింది. ముందు వరసలో నవ్వు మొదలై వెనక్కి పాకింది. ఆయన జేబులోకి చెయ్యి పెట్టి, ఏలక్కాయ తగిలి, తీయకుండా చెయ్యి బయటికి తెచ్చుకున్నాడు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు.

భాగ్య చేతి గురించి తాను ఇదే మైకులో అన్నది పరీక్షించకుండా అన్న మాట అని చెప్పాడు. తర్వాత కాగితం చూసి చదివాడు.

డ్రమ్ము నీళ్ళలో బాక్టీరియా లేదు. జియార్డియా కోశాలు ఉన్నాయి. రంజను నీళ్ళలో బాక్టీరియా ఉంది. పరీక్షించిన సీసాలో కోశాలు కనిపించలేదు. భాగ్య నమూనాలో పరాన్నజీవులు లేవు. నరహరి నమూనాలో ఉన్నాయి.

సీతాఫల్‌మండి హాస్టల్లో రొట్టెలు చేయడానికి అప్పటికే వేరొకామెను పెట్టుకున్నారు. భాగ్యను తిరిగి తీసుకోలేదు.